లైబ్రరీ గదిలో ఆరు ఆక్సిజన్ మిషన్లు: పనికొస్తాయా, పారేయాలా?

కొల్లేటికొంగ
మా ఊరి లైబ్రరీ గదిలో ఆరు ఆక్సిజన్ కాన్‌సన్‌ట్రేటర్లు దుప్పట్లు కప్పుకుని పడున్నాయి. 2021 మే నెలలో, కరోనా అప్పుడు, కుర్రాళ్ళు ఇంటింటికీ మోసుకెళ్ళి తిప్పినవే. మూడు అమెరికాలో ఉన్న ఊరివాళ్ళు పంపినవి, రెండు చందాలేసుకుని కొన్నవి, ఒకటి డబ్బా మీద "7 లీటర్లు" అని రాసున్న చిన్నది. ఇప్పుడు ఊళ్ళో ఒక పెద్దాయనకి సీఓపీడీ, అంటే ఏళ్ళ తరబడి ఉండే ఊపిరితిత్తుల జబ్బు. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపుతూ ఆక్సిజన్ పెట్టుకోమన్నారట, మిషన్ ఇమ్మంటున్నారు. ఒకటి ప్లగ్గులో పెడితే ఆన్ అయింది గానీ కాసేపటికి పసుపు లైటు వెలిగి అలాగే ఉండిపోయింది. అమెరికా మిషన్లకి చదును పిన్నుల ప్లగ్గు, భయమేసి ముట్టుకోలేదు.

ఇంకో సంగతి. అప్పట్లో ఎవరికి ఎన్నాళ్ళు ఇచ్చారు, ఎలా ఇచ్చారు అన్నది ఎవరూ రాసిపెట్టలేదు. చేసిన కుర్రాళ్ళని అడిగితే తలో మాట చెబుతున్నారు. మళ్ళీ అలాంటి రోజులొస్తే చేతికందేలా ఒక నోటుబుక్కు రాసి మిషన్ల పక్కనే పెట్టాలని పంచాయతీలో అనుకుంటున్నారు. ఆ పని చేసినవాళ్ళు ఇక్కడ చాలామంది ఉన్నారు కదా, అందులో ఏం రాయాలో చెప్పండి. "మానవత్వం చాటుకున్నారు" లాంటివి వద్దు, అవి ఫ్లెక్సీల మీద సరిపడా ఉన్నాయి.

గోంగూర_పచ్చడి
దుప్పటి కప్పారుగా, ఊపిరాడక పోయుంటాయి.

కంప్రెసర్_బాబాయ్
పైనాయన జోకు సగం నిజమే.

ఈ మిషన్ ఆక్సిజన్‌ని తయారుచేయదు. గాలిలో 78 శాతం నైట్రోజన్, 21 శాతం ఆక్సిజన్ ఉంటే, ఇది నైట్రోజన్‌ని పట్టుకుని మిగిలినదాన్ని వదులుతుంది, అంతే. లోపల రెండు గొట్టాల నిండా జియోలైట్ గుళికలుంటాయి, చూడ్డానికి సగ్గుబియ్యంలా. కంప్రెసర్ ఒక గొట్టంలోకి గాలిని నొక్కిపెట్టి తోసినప్పుడు గుళికలు నైట్రోజన్‌ని పీల్చుకుంటాయి. అదే సమయంలో రెండో గొట్టం తను పీల్చింది బయటికి ఊదేస్తుంది. కొన్ని సెకన్లకోసారి "ఉస్సు"మని వినబడేది అదే. ఆ ఉస్సు ఒక తాళంలో రావాలి. తాళం తప్పిందంటే వాల్వు చూడాలి.

ఈ గుళికలకి నైట్రోజన్ కంటే తేమ అంటే మహా ఇష్టం. మిషన్ ఏళ్ళ తరబడి ఆపేసి ఉంచితే గాలిలో చెమ్మ లోపలికి చేరి గుళికల్లో తిష్ఠ వేస్తుంది, ఇక నైట్రోజన్‌కి చోటుండదు. కొల్లేటి పక్కన ఐదు వానాకాలాలంటే నేను వేరే చెప్పాలా? అందుకే వాడకం లేకపోయినా నెలకోసారి కొన్ని గంటలు నడపాలి. మీ నోటుబుక్కులో మొదటి లైను ఇదే రాయండి.

పసుపు లైటు అంటే మిషన్ చెడిందని కాదు. ఆక్సిజన్ శాతం తగ్గిందని. చాలా కంపెనీల్లో 82-85 దాటి కిందికి దిగితే పసుపు, 70 చిల్లరకి వస్తే ఎరుపు. ఆన్ చేసిన మొదటి ఐదు పది నిమిషాలు తక్కువే ఉంటుంది, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. ఈ వరసలో చూడండి:

వెనక ఉన్న స్పాంజి ఫిల్టర్ తీసి సబ్బునీళ్ళలో పిండి, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి ఉండగా పెడితే ఆ తేమ కూడా లోపలికే. దాని వెనక తెల్లటి ఇన్‌టేక్ ఫిల్టర్ ఉంటుంది, బూడిదరంగుకి తిరిగితే మార్చేయడమే, కడగకూడదు. తర్వాత గోడకి ఒక అడుగు దూరంలో, గాలి ఆడే గదిలో, ఫ్లో 5 (నిమిషానికి 5 లీటర్లు) మీద పెట్టి ఆరేడు గంటలు నడపండి. చెమ్మ కొంచెమే అయితే ఈ నడకకే కొంత తేరుకుంటుంది. అప్పటికీ పసుపు పోకపోతే గుళికల పని అయిపోయినట్టు, లేదా లోపల ఎక్కడో గొట్టం లీకు.

లైటుని నమ్మి మనిషికి పెట్టొద్దు. అల్ట్రాసోనిక్ ఆక్సిజన్ ఎనలైజర్ అని చేతిలో పట్టే డబ్బా ఉంటుంది, మెడికల్ ఎక్విప్‌మెంట్ రిపేరు చేసేవాళ్ళ దగ్గర దొరుకుతుంది. 1, 3, 5 లీటర్ల దగ్గర విడివిడిగా కొలవండి. 2 దగ్గర 92 వచ్చి 5 దగ్గర 78కి పడిపోయే మిషన్లు చాలా ఉంటాయి.

డల్లాస్_తెలుగోడు
ఆ చదును పిన్నుల ప్లగ్గు జోలికి పోకండి. అడాప్టర్ తగిలించి మన సాకెట్లో పెడితే పొగే. వెనక స్టిక్కర్ మీద 115 లేదా 120 వోల్ట్స్, 60 హెర్ట్జ్ అని ఉంటుంది. 2021 ఏప్రిల్ 30న కాన్‌సన్‌ట్రేటర్లు గిఫ్టుగా కొరియర్‌లో పంపుకోవచ్చని కేంద్రం అనుమతిచ్చింది, జూలై 31 దాకా. మర్నాడే సొంత వాడకానికి దిగుమతి చేసుకునేవాటి మీద ఐజీఎస్టీ పన్ను 28 శాతం నుంచి 12కి తగ్గించారు. ఆ హడావుడిలో ఇక్కడి షాపుల్లో ఏది కనబడితే అది కొని పెట్టెల్లో సర్దేసినవాళ్ళు ఎందరో. స్టిక్కర్ చదివి పంపినవాళ్ళు తక్కువ.

గోంగూర_పచ్చడి
స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోదా? మిక్సీలకి పెడతారుగా.

సబ్‌స్టేషన్_శీను
సరిపోదండి. ట్రాన్స్‌ఫార్మర్ 230ని 115కి దించుతుంది, 50 హెర్ట్జ్‌ని 60 చేయలేదు. కంప్రెసర్ మోటారు వేగం ఫ్రీక్వెన్సీ మీద ఆధారపడుతుంది. 60కి తయారైంది 50 మీద ఆరోవంతు నెమ్మదిగా తిరుగుతుంది. గాలి తక్కువ తోస్తుంది, ఒత్తిడి చాలదు, శాతం పడిపోతుంది, పైగా మోటారు కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద నడిపి "అమెరికా మిషన్లు నాసిరకం" అన్నవాళ్ళున్నారు. మిషన్ తప్పేం లేదు.

స్టిక్కర్ మీద 230 వోల్ట్స్ 50 హెర్ట్జ్ అని ఉంటేనే వాడండి. ఎగుమతి మోడళ్ళు కొన్ని అలాగే వస్తాయి. ముందు ఆ మూడింటికీ స్టిక్కర్లు చూసి చెప్పండి.

కొల్లేటికొంగ
చూశా. రెండింటి మీద 120/60. ఒకటి 230/50, దానికి ఎవరో ప్లగ్గు మార్చారంతే.

సబ్‌స్టేషన్_శీను
అయితే ఆ రెండింటినీ స్పేరు పార్టుల కింద పక్కన పెట్టండి. మీద ఎర్ర పెయింటుతో "నడపరాదు" అని రాయండి, కాగితం అంటిస్తే రాలిపోతుంది.

పల్లెటూళ్ళలో ఇంకో తంటా లో వోల్టేజీ. సాయంత్రం ఏడు నుంచి పదింటి దాకా 180కి పడిపోయే ఇళ్ళున్నాయి. ఆ వోల్టేజీ మీద కంప్రెసర్ మూలుగుతుంది గానీ తిరగదు, వేడెక్కి ట్రిప్ అవుతుంది. 5 లీటర్ల మిషన్ 300 నుంచి 350 వాట్లు, 10 లీటర్లది 600 దాకా. స్టార్టింగులో అంతకి కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి 1 కేవీఏ స్టెబిలైజర్ పెట్టాలి. ఫ్రిజ్జు ఉన్న ప్లగ్గులోంచి ఎక్స్‌టెన్షన్ లాగకూడదు. సన్నవైరు ఎక్స్‌టెన్షన్ బాక్సు అసలే వద్దు, రాత్రంతా నడిస్తే ప్లగ్గు మొదట్లో కరుగుతుంది. చేత్తో ముట్టుకుంటే వేడి తెలుస్తుంది, రోజూ ముట్టుకుని చూడాలి.

ఇన్వర్టర్ సంగతి కూడా ముందే చెప్పేస్తా. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటుంటే 12 వోల్టులు × 150 = 1800 వాట్ అవర్లు. వృథాలు పోను 350 వాట్ల మిషన్‌కి మూడున్నర గంటలు, కొత్త బ్యాటరీ అయితేనే. ఫ్యానూ లైట్లూ కూడా వేసుకుంటే ఇంకా తక్కువ. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మోటారు గుర్రుమంటుంది, సైన్ వేవ్ అయ్యుండాలి.

నర్సక్క
కరెంటూ ఫిల్టర్లూ అయ్యాయి, ఇప్పుడు మనిషి సంగతి. కొల్లేటికొంగ గారూ, ఆ పెద్దాయనకి డాక్టరు చీటీలో ఎన్ని లీటర్లు రాశారు, రోజుకి ఎన్ని గంటలు రాశారు? అది లేకుండా మిషన్ ఇవ్వకండి.

సీఓపీడీకీ కరోనాకీ లెక్క వేరు. కరోనాలో రక్తంలో ఆక్సిజన్ 92-96 శాతం మధ్య ఉంచమన్నారు. సీఓపీడీలో చాలామందికి 88-92 చాలు. ఊపిరితిత్తులు ఏళ్ళ తరబడి చెడినవాళ్ళకి ఆక్సిజన్ ఎక్కువ పెడితే కార్బన్ డయాక్సైడ్ లోపల పేరుకుంటుంది. మనిషి మగతగా, తలనొప్పిగా, చివరికి లేపినా లేవకుండా అవుతాడు. వేలికి పెట్టే ఆక్సీమీటరు మాత్రం 98 చూపిస్తూ ఉంటుంది, ఇంట్లోవాళ్ళు సంబరపడుతుంటారు. "పాపం ఆయాసపడుతున్నాడు" అని కొడుకు నాబ్ 1 నుంచి 4కి తిప్పేయడం, అసలు ప్రమాదం అక్కడ. ఇచ్చేటప్పుడే నాబ్ పక్కన ప్లాస్టర్ ముక్క అంటించి దాని మీద పెన్నుతో లీటర్లు రాయండి.

ఓరుగల్లు_పోరడు
అక్క చెప్పింది కరెక్ట్. మిషన్ ఇచ్చుడు అలకటి పని, ఇచ్చినంక చూసుడే అసలు పని.

ఒక ముచ్చట ఎవ్వరూ చెప్పలే. మిషన్ మీద అవర్ మీటర్ ఉంటది, మొత్తం ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తది. ఇచ్చేటప్పుడు రాసుకోవాలె, రోజు ఫోన్ చేసి అడగాలె, ఫొటో పంపమనాలె. 24 గంటలు పెట్టమన్న పేషెంట్ ఇంట్ల మీటర్ రోజుకు 3 గంటలే తిరిగిందంటే ఏమన్నట్టు? మనిషి బాగైండు, మిషన్ "మళ్ల ఏమన్న అయితే?" అని మూలకు పెట్టుకున్నరు. ఆ రోజుల్ల ఇసొంటివే మస్తు. అడిగితే "ఇంక వాడుతున్నం" అంటరు. మీటర్ అబద్ధం చెప్పదు. గంటలు తగ్గినయంటే ఆ రోజే పోయి తెచ్చుకొని లైన్ల ఉన్నోళ్లకు ఇయ్యాలె. ఆరు మిషన్లు సక్కగ తిప్పితే పదిహేను మందికి అందుతయి, లేకుంటే ఆరు ఇండ్లల్ల ఆరు కూసుంటయి.

సిలిండర్_సత్తిబాబు
అందుకే డిపాజిట్ తీసుకోవాలనేది. ఐదు వేలు పెట్టించుకుంటే తెచ్చి మొహాన పడేస్తారు.

ఓరుగల్లు_పోరడు
ఐదు వేలు ఉన్నోడు తెచ్చుకుంటడు, లేనోడు? డిపాజిట్ అనంగనే కూలోళ్లు అడుగుడే బంద్ జేస్తరు. పైసలు కాదన్న, ఆధార్ జిరాక్స్, ఇంటి పక్కోళ్ల నంబర్ ఒకటి. చాలు.

సిలిండర్_సత్తిబాబు
ఆధార్ జిరాక్స్‌తో ఏం చేస్తాం, ఊదుకుంటామా? నలభై వేల వస్తువు బాబూ.

లెక్కల_మాష్టారు
ఇద్దరూ ఆగండి. డిపాజిట్ పెట్టిన చోటా పెట్టని చోటా మిషన్లు ఆలస్యంగానే తిరిగొచ్చాయి. ఆలస్యానికి కారణం డబ్బు కాదు, భయం. దాన్ని తీర్చాలంటే తిరిగి తీసుకునేటప్పుడు "మళ్ళీ అవసరమైతే మీ పేరు లైన్లో ముందుంటుంది" అని చెప్పి, రిజిస్టర్లో వాళ్ళ ఎదురుగా రాయాలి. ఆక్సీమీటర్ ఒకటి మరో వారం వాళ్ళ దగ్గరే ఉంచాలి. అప్పుడు గొడవ లేకుండా ఇచ్చేస్తారు.

రిజిస్టర్ గళ్ళు: మిషన్ నంబరు (పెయింటుతో 1, 2, 3 అని రాయాలి, కంపెనీ సీరియల్ నంబరు చదివేసరికి తెల్లారుతుంది). తీసుకున్న తేదీ, గంట. మీటరు రీడింగు. చీటీలో రాసిన లీటర్లు. పెట్టకముందు ఆక్సిజన్, పెట్టిన అరగంటకి ఆక్సిజన్. ఫోన్లు రెండు. ఏ పూట ఎవరు చూసొస్తారు. తిరిగొచ్చిన తేదీ, మీటరు. కడిగినవాళ్ళ సంతకం. ఈ ఆఖరి గడి లేకపోతే కడగకుండానే ఇంకో ఇంటికి వెళ్ళిపోతుంది, అడిగితే "వాడు కడిగాడనుకున్నా" అంటారు.

అత్తిలి_అమ్మాయి
కడగడం అంటే ఏంటి మాష్టారూ, నీళ్ళు పోసా?

నర్సక్క
అయ్యో, నీళ్ళు పోయకండి, స్ప్రే కూడా చేయకండి. కరెంటు తీసేసి, 1 శాతం హైపో (సోడియం హైపోక్లోరైట్) ద్రావణంలో గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవాలి. పది నిమిషాలాగి మామూలు తడిగుడ్డతో ఇంకోసారి తుడవాలి, లేకపోతే ప్లాస్టిక్ పాడవుతుంది. హైపో దొరక్కపోతే లీటరు నీళ్ళకి 30 గ్రాముల బ్లీచింగ్ పౌడర్ వేసి, తేరిన నీళ్ళు వాడుకోవచ్చు. పౌడర్ కొత్తదై ఉండాలి. మూత తీసి వదిలేసిన బస్తాలోదైతే క్లోరిన్ ఎప్పుడో ఎగిరిపోయుంటుంది, వాసన చూసినా తెలిసిపోతుంది.

ముక్కులో పెట్టుకునే గొట్టం, అదే కాన్యులా, ఒక మనిషికి ఒకటే. కడిగి ఇంకొకరికి పెట్టకూడదు. మిషన్‌కి తగిలించే, గాలికి తేమనిచ్చే నీళ్ళ సీసాని రోజూ సబ్బుతో కడిగి నీళ్ళు మార్చాలి, కాచి చల్లార్చినవి. పై గీతకీ కింది గీతకీ మధ్య ఉంచాలి, ఎక్కువైతే గొట్టంలోకి నీళ్ళెక్కి ముక్కులో పడతాయి. 2021 మేలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అందరి కళ్ళూ ఈ సీసా మీదే పడ్డాయి. ఆ జబ్బుకి పెద్ద కారణాలు అదుపులో లేని షుగరు, స్టెరాయిడ్లు. అయినా కుళాయి నీళ్ళు పోసి వారంపాటు మార్చకుండా ఉంచడానికి అది సాకు కాదు.

గోంగూర_పచ్చడి
ఆ సీసాలో డిస్టిల్డ్ వాటర్ పోయమంటారు కదా, అదంటే బ్యాటరీ షాపులో దొరికే నీళ్ళేగా?

కంప్రెసర్_బాబాయ్
కాదు నాయనా. బ్యాటరీ షాపు వాడు ఆ డబ్బాని యాసిడ్ డబ్బా పక్కనే పెట్టి అదే గరాటుతో పోస్తాడు. మెడికల్ షాపులో సీలున్నది కొను, లేదా అక్క చెప్పినట్టు కాచినవి పోయి. 2 లీటర్ల లోపు ఫ్లోకి చాలామందికి అసలు నీళ్ళ సీసా అక్కర్లేదు, ముక్కు ఎండిపోతోందంటేనే పెట్టాలి.

సీసా అన్నావు కాబట్టి, ఫిర్యాదుల్లో సగం దాని మూత దగ్గరే. "మిషన్ నడుస్తోంది, గాలి రావట్లేదు" అని రాత్రి రెండింటికి ఫోన్. పరిగెత్తక్కర్లేదు, ఫోన్లోనే చెప్పొచ్చు. కాన్యులా కొసలు రెండూ గ్లాసు నీళ్ళలో ముంచమను. బుడగలొస్తే గాలి వస్తున్నట్టే, మన చెంపకి తెలియట్లేదంతే. రాకపోతే గొట్టాన్ని సీసాకి దగ్గరలో వేళ్ళతో మడిచి నొక్కమను. సీసా మీద ఈల మోగితే మూత బాగుంది, తేడా గొట్టంలోనే ఎక్కడో ఉంది, మంచం కోడు కింద చూడమను. ఈల మోగకపోతే మూత అడ్డంగా బిగిసింది, విప్పి మళ్ళీ తిన్నగా బిగించమను. ఫ్లో మీటరులో గోళీ మధ్య గీత మీద ఉండాలి, కళ్ళని దాని ఎత్తుకి దించి చూడాలి. నిలబడి పైనుంచి చూస్తే 2 ఉన్నది 3లా కనిపిస్తుంది.

అత్తిలి_అమ్మాయి
ఆ మడిచి నొక్కే ముక్క సేవ్ చేసుకున్నా. బొమ్మ గీసి మిషన్ మీద అంటిస్తే ముసలివాళ్ళకి కూడా అర్థమవుతుంది.

పల్నాటి_పులి
ఇదంతా బానే ఉంది గానీ, కరోనాలో ఈ మిషన్ల వల్ల మేలెంత, కీడెంత? ఇంట్లో మిషన్ ఉందన్న ధైర్యంతో ఆసుపత్రికి వెళ్ళకుండా ఆలస్యం చేశారు. నిజం మాట్లాడుకుందాం.

నర్సక్క
నిజమే, ఒప్పుకోవాలి. 94 పైన ఉంటే ఇంట్లో ఉండొచ్చు. 90-93 అంటే ఆసుపత్రి. 90 లోపు అంటే ఐసీయూ అవసరం పడొచ్చు. 2021 ఏప్రిల్లో వచ్చిన మార్గదర్శకాల్లో ఉన్నది ఇదే. అంటే మిషన్ అవసరమైన మనిషి నిజానికి ఆసుపత్రిలో ఉండాల్సిన మనిషి. కాబట్టి మిషన్ రెండు చోట్లే న్యాయం: బెడ్డు దొరికేదాకా మధ్యలో, బెడ్డు నుంచి ఇంటికి పంపాక కోలుకునేదాకా. మొదటి రకానికి ఇచ్చినప్పుడు ఒకరు మిషన్ పెడుతుంటే ఇంకొకరు 104కి ఫోన్ చేస్తూ ఉండాలి. మిషన్ పెట్టాక 94 వచ్చిందని ఫోన్ పెట్టేయకూడదు. 5 లీటర్ల మీద 94 అంటే మామూలు గాలిలో 94 అని కాదు.

ఇంట్లో ఉండగలిగినవాళ్ళకి మిషన్ కంటే ముందు బోర్లా పడుకోవడం నేర్పాలి. దిండ్లు ఐదు: మెడ కింద ఒకటి, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాళ్ళ కింద కాళ్ళకి రెండు. అరగంట నుంచి రెండు గంటలు బోర్లా, తర్వాత కుడిపక్క, కూర్చోవడం, ఎడమపక్క, మళ్ళీ బోర్లా. తిన్న గంట దాకా వద్దు. గర్భిణులకీ, తీవ్రమైన గుండెజబ్బు ఉన్నవాళ్ళకీ వద్దు. దీనికి కరెంటక్కర్లేదు.

పల్నాటి_పులి
"బెడ్డు దొరికేదాకా" అన్నారు, సరే. మరి ఆ రోజుల్లో బెడ్డు ఎక్కడుందో ఎవరికి తెలుసు? వాట్సాప్‌లో వచ్చిన నంబర్లన్నీ స్విచ్చాఫ్.

లెక్కల_మాష్టారు
ఆ జాబితాలు సరిచూడడం కూడా ఒక సేవే. ఇంట్లో కూర్చుని చేసినవాళ్ళు వేలమంది, వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అందులో సూత్రం ఒకటే: టైము రాయని సమాచారం పంపకూడదు. "ఫలానా చోట బెడ్లున్నాయి" పనికిరాదు. "మధ్యాహ్నం 2:10కి ఫోన్ చేశాం, ఆక్సిజన్ బెడ్లు 2, ఐసీయూ లేదు, ఆధార్, సీటీ రిపోర్టు తెమ్మన్నారు" ఇలా ఉండాలి. రెండు గంటలు దాటితే చెరిపేయాలి. ఇంకోటి, ఒక ఆసుపత్రికి మీ జట్టు నుంచి ఒక్కరే ఫోన్ చేయాలి. ఇరవైమంది చేస్తే అక్కడి రిసెప్షన్లో అమ్మాయి ఫోన్ పక్కన పెట్టేస్తుంది, ఆమె తప్పేం కాదు.

గోంగూర_పచ్చడి
టైము రాయని మెసేజీలు 2021 నుంచి ఇప్పటికీ మా బంధువుల గ్రూపులో తిరుగుతున్నాయి. "అర్జెంటుగా షేర్ చేయండి" అని.

కాకినాడ_కాజా
కంట్లో చుక్కలు వేస్తే ఆక్సిజన్ పెరుగుతుందని కృష్ణపట్నంలో క్యూ కట్టారు కదా, మీ నోటుబుక్కులో దానికీ ఒక పేజీ ఉందా?

మాడరేటర్
ఆ క్యూలోకి ఈ చర్చని లాగొద్దు. దాని మీద పాత చర్చాదారం (థ్రెడ్) 140 పేజీలుంది, తాళం వేసి ఉంది, అలాగే ఉంటుంది.

సిలిండర్_సత్తిబాబు
అందరూ మిషన్ల గురించే మాట్లాడుతున్నారు. కరెంటు పోతే ఏం చేస్తారు? ప్రతి మిషన్ వెనకా ఒక బి-టైపు సిలిండర్ ఉండాలి.

లెక్క తేలిక. సిలిండర్లో పట్టే నీళ్ళ లీటర్లని గేజి మీది ఒత్తిడితో (బార్లలో) గుణిస్తే ఆక్సిజన్ లీటర్లు. బి-టైపు 10 లీటర్లు × 150 = 1500 లీటర్లు. నిమిషానికి 5 చొప్పున 300 నిమిషాలు, అంటే 5 గంటలు. 2 చొప్పున 12 గంటలన్నర. పెద్దది డి-టైపు 46.7 × 150, దగ్గరదగ్గర 7000 లీటర్లు, 5 మీద 23 గంటలు. గేజి 75 చూపిస్తే సగం. 20కి వచ్చేసరికి ఇంకోటి సిద్ధంగా ఉండాలి.

ఇక చేయకూడనివి. రెగ్యులేటర్ బిగుసుకుందని కొబ్బరినూనె, గ్రీజు రాయకూడదు. ఒత్తిడిలో ఉన్న ఆక్సిజన్‌కి నూనె తగిలితే అగ్గిపుల్ల అక్కర్లేదు, అదే అంటుకుంటుంది. చేతికి శానిటైజర్ రాసుకుని ఆరకుండా వాల్వు తిప్పకూడదు. లీకవుతోందని టెఫ్లాన్ టేపు చుట్టకూడదు, లోపల వాషరు మార్చాలి. రెగ్యులేటర్ బిగించే ముందు వాల్వు ఒక్క క్షణం కొద్దిగా తెరిచి మూయాలి, మూతి దగ్గరి దుమ్ము ఎగిరిపోతుంది. అప్పుడు మూతి ముందు ఎవరూ ఉండకూడదు. బిగించాక మెల్లగా తెరవాలి, ఒక్కసారి తిప్పితే గేజి పోతుంది. సిలిండర్‌ని మంచం కోడుకి గుడ్డతాడుతో కట్టి నిలబెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఇది మరీ ముఖ్యం.

నల్ల ఒళ్ళు, తెల్ల భుజాలు ఉంటేనే ఆక్సిజన్ సిలిండర్. రంగు వేసి అమ్మిన వేరే గ్యాసు సిలిండర్లు కూడా ఆ సమయంలో బజార్లోకొచ్చాయి. టెస్టు తేదీ మెడ మీద పొడిచి ఉంటుంది, అది దాటితే ఫిల్లింగ్ ప్లాంటువాడు నింపడు.

పల్నాటి_పులి
అప్పట్లో ప్లాంటు దగ్గర రాత్రంతా లైన్లు. ఆక్సిజనే లేదుగా?

సిలిండర్_సత్తిబాబు
ఆక్సిజన్ ఉంది, మోసేవి లేవు. విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో ద్రవ ఆక్సిజన్ ఉంది కాబట్టే మహారాష్ట్ర నుంచి ఖాళీ ట్యాంకర్లు రైలెక్కి వచ్చాయి. 2021 ఏప్రిల్ 22 రాత్రి నింపుకుని బయల్దేరిన ఆ రైలే మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్. మర్నాడు బేగంపేట నుంచి వాయుసేన విమానంలో ఖాళీ ట్యాంకర్లని భువనేశ్వర్ తీసుకెళ్ళారు. ట్యాంకరుకి ఎలాగో ఊళ్ళో సిలిండర్‌కీ అంతే. ఖాళీ సిలిండర్ పట్టుకెళ్తేనే నింపినది ఇస్తారు, ఆ ఖాళీలు ఇళ్ళలో మంచాల కింద ఉండిపోయాయి. ఓరుగల్లు తమ్ముడు మిషన్ల గురించి చెప్పిందే ఇక్కడా.

ఓరుగల్లు_పోరడు
అన్న ఒప్పుకున్నడు, స్క్రీన్‌షాట్ తీసిన.

అత్తిలి_అమ్మాయి
భోజనాలు పంపినవాళ్ళ సంగతి కూడా రాయాలి కదా? ఐసోలేషన్లో ఉన్న ఇళ్ళకి గేటు మీద క్యారియర్ తగిలించి వెళ్ళేవారు. కిలో బియ్యం ఎనిమిది మందికి లెక్క. మధ్యాహ్నానికి పులిహోర నిలుస్తుంది, పప్పన్నం కలిపి ప్యాక్ చేస్తే మూడు గంటలకే పాడవుతుంది, పప్పు విడిగా కట్టాలి...

మాడరేటర్
అమ్మాయీ, దానికి వేరే దారం మొదలుపెట్టు, నేను పైన పిన్ చేస్తా. ఇక్కడ ఆక్సిజన్‌తో సరిపెడదాం.

నర్సక్క
ఆక్సీమీటరు గురించి రెండు ముక్కలు చెప్పి వెళ్తా. గోరింటాకు, గోళ్ళరంగు ఉన్న వేలికి పెడితే తప్పు చూపించొచ్చు. చెయ్యి చల్లగా ఉంటే రుద్ది వెచ్చబెట్టండి. పెట్టగానే వచ్చిన అంకె కాదు, నిమిషం ఆగి నిలకడగా ఉన్నదే రాయాలి. చామనఛాయ, నలుపు ఒంటివాళ్ళకి ఉన్నదానికంటే కాస్త ఎక్కువే చూపించే గుణం దీనికి ఉంది. మనలో ఎక్కువమంది ఆ రంగువాళ్ళమే కాబట్టి 94ని చూసి మురిసిపోకుండా మనిషిని చూడండి: గబగబా ఊపిరి, పూర్తి వాక్యం మాట్లాడలేకపోవడం.

మిషన్ పెట్టిన గదిలో దీపం, అగరొత్తి, బీడీ ఉండకూడదు. దేవుడి గూడు పక్కనే మంచం వేస్తారు, ఆరోగ్యం కోసం దీపం పెడతారు. వాళ్ళ నమ్మకాన్ని తప్పుబట్టకుండా దీపాన్ని ఇంకో గదికి మార్పించాలి.

కొల్లేటికొంగ
మూడు రోజులు పట్టింది. ఏలూరు నుంచి ఎనలైజర్ తెప్పించాం. రీడింగులు:

పసుపు లైటు మిషన్ (కొన్నవాటిలో ఒకటి): ఫిల్టర్లు మార్చి ఏడు గంటలు నడిపాక లైటు పోయింది. 1 దగ్గర 94, 3 దగ్గర 92, 5 దగ్గర 86.
కొన్నవాటిలో రెండోది: ఎంత నడిపినా 61 దాటలేదు.
అమెరికా 230/50ది: మూడు చోట్లా 93 పైనే.
చిన్న "7 లీటర్లు" డబ్బా: 1 దగ్గర 88, 3 దగ్గర 52, 7 దగ్గర 31.

కంప్రెసర్_బాబాయ్
ఆ చిన్నదాని బతుకు అంతే. 7 లీటర్లు గాలి వస్తుంది, అందులో ఆక్సిజన్ ఎంతన్నది చిన్న అక్షరాల్లో వెనక రాసుంటుంది. దాని మీద "7" ని మార్కర్‌తో కొట్టేసి "1 మాత్రమే" అని రాయి. 61దానికి గుళికల గొట్టాలు మార్చాలి, ఖరీదు అడిగి కొత్తదాని ధరలో సగం దాటితే వదిలేయ్. పసుపుదాన్ని 3 లీటర్ల దాకానే ఇవ్వు, నెలకోసారి కొలుస్తూ ఉండు. పెద్దాయనకి అమెరికాది పెట్టు.

కొల్లేటికొంగ
చీటీలో నిమిషానికి 1 లీటరు, రోజుకి 15 గంటలు అని ఉంది. అమెరికాదే ఇచ్చాం, బి-టైపు సిలిండర్ పక్కన కట్టాం, గేజి 150. నాబ్ పక్కన ప్లాస్టర్ అంటించాం. పెట్టకముందు 85, అరగంటకి 90. రాత్రి ఏడింటికి మీటరు 2,314.

నర్సక్క
90 చాలు. పెంచమని అడుగుతారు, పెంచకండి. పొద్దున మగతగా ఉన్నాడేమో, తలనొప్పి ఉందేమో తప్పకుండా అడగండి.

ఓరుగల్లు_పోరడు
పొద్దుగాల మీటర్ ఎంతుందో గీడనే రాయి.

కొల్లేటికొంగ
పొద్దున ఎనిమిదింటికి 2,326. ఆయన లేచి కాఫీ అడిగారు, తలనొప్పి లేదు.

ఓరుగల్లు_పోరడు
ఏడు నుంచి ఎనిమిది దాక 13 గంటలు. మీటర్ 12 అంటుంది. ఒక గంట ఏడ వోయింది?

కొల్లేటికొంగ
రెండింటికి కరెంటు పోయింది, మూడింటికి వచ్చింది. ఆ గంట సిలిండర్ మీద ఉన్నారు. గేజి 150 నుంచి 144కి దిగింది.

లెక్కల_మాష్టారు
60 నిమిషాలు, 60 లీటర్లు, పదో వంతు 6. సరిపోయింది.